తెల్లవారుజామున నాలుగింటికి నేను లేవను

పిల్లల్ని ఇంట్లోనే చదివించుకునే తల్లి ఎవరైనా "నాకంటూ ఓ గంట దొరకడం లేదు" అని నోరు జారితే చాలు, వచ్చే సలహా ఒకటే. నాలుగింటికి లేవమంటారు. ఇల్లంతా నిద్రపోతుంటుంది, ఫోన్ మోగదు, ధ్యానం చేసుకోవచ్చు, పుస్తకం చదువుకోవచ్చు, బ్రాహ్మీ ముహూర్తం కాబట్టి పుణ్యం కూడా. ఈ సలహా ఇచ్చేవాళ్లలో నాకు బాగా కావలసినవాళ్లున్నారు, అందుకని మర్యాదగానే చెబుతున్నాను: నేను లేవను. నాలుగింటికి లేవాలంటే రాత్రి తొమ్మిదింటికి పడుకోవాలి. మా ఇంట్లో తొమ్మిదింటికి అంట్లు సింకులోనే ఉంటాయి, ఇడ్లీపిండి గ్రైండర్లో తిరుగుతుంటుంది, మా చిన్నోడికి డైనోసార్ల మీద అసలైన అనుమానాలు అప్పుడే మొదలవుతాయి. కాబట్టి ఆ గంట ఆకాశంలోంచి ఊడిపడదు, నా నిద్రలోంచే రావాలి. నిద్ర మాత్రం నా సొంత సమయం కాదా? కుడి జేబులోంచి తీసి ఎడమ జేబులో పెట్టి, ఇదిగో నీకు డబ్బులొచ్చాయి అన్నట్టుంది ఈ వరస.

ఆ సలహా అంత సులువుగా రావడానికి ఇంకో కారణం ఉంది. తెల్లవారుజామున నేనేం చేసుకున్నా ఎవరికీ ఇబ్బంది లేదు. మావారు ఏదీ మానుకోనక్కర్లేదు, పిల్లలు ఏదీ ఓర్చుకోనక్కర్లేదు, ఏడింటికల్లా నేను మళ్లీ డ్యూటీలో ఉంటాను. నాకు కావలసింది అది కాదు. పట్టపగలు, అందరూ మెలకువగా ఉన్నప్పుడు, నేను ఫలానా చోట ఉన్నానని తెలిసి కూడా ఎవరూ నన్ను పిలవని సమయం కావాలి.

మా సంగతి కొంచెం చెప్పాలి. మేముండేది హైదరాబాద్‌లో, సైనిక్‌పురి వైపు. అమ్మాయికి పదకొండేళ్లు, అబ్బాయికి ఏడు. 2020లో అమ్మాయి ఒకటో తరగతి ఫోన్లోనే మొదలైంది. పొద్దున్నంతా ఆ పిల్ల ఫోన్ ముందు కూర్చుని "మ్యూట్ చేసుకోండి, మ్యూట్ చేసుకోండి" అని వినడం, మధ్యాహ్నం నేను పక్కన కూర్చుని అదే పాఠం అరగంటలో చెప్పేయడం. బడులు మళ్లీ తెరిచాక పంపలేదు. ఎందుకన్నది వేరే పెద్ద కథ. ఆరో తరగతి గదులకే ఐఐటీ ఫౌండేషన్ అని బోర్డులు కట్టే ఊళ్లో ఆ కథ విడమరిచి చెప్పనక్కర్లేదనుకుంటాను. "మరి పదో తరగతి ఎలా?" అనేవాళ్లకి ఒక్క ముక్క: ఓపెన్ స్కూల్ ఉంది. పద్నాలుగేళ్లు నిండితే ఎన్ఐఓఎస్‌లో, అంటే జాతీయ ఓపెన్ స్కూల్లో, నేరుగా పదో తరగతికి చేరొచ్చు, కావాలంటే తెలుగు మాధ్యమంలో రాయొచ్చు, పబ్లిక్ పరీక్షలు ఏడాదికి రెండుసార్లు ఉంటాయి. ఆ టెన్షన్ నాకు లేదు.

నాకున్నది వేరే ఇబ్బంది. ఇది హోమ్‌స్కూలింగ్ చేసే తల్లులందరికీ తెలిసిందే, పైకి చెప్పేవాళ్లు తక్కువ. అలసిపోయానని అనే హక్కు మాకు లేదు.

బడికి పంపే తల్లి హాయిగా బడిని తిట్టుకోవచ్చు. ఫీజుల్ని తిట్టొచ్చు, బస్సు డ్రైవర్ని తిట్టొచ్చు, ఆదివారం రాత్రి పదింటికి "అమ్మా, రేపు చార్టు తీసుకెళ్లాలి" అని గుర్తుచేసే కొడుకుని తిట్టొచ్చు. వినేవాళ్లు అయ్యో పాపం అంటారు. "అయితే బడి మాన్పించెయ్" అని ఎవరూ అనరు. అదే నేను తలనొప్పిగా ఉందని కుర్చీలో వాలితే, మా అత్తగారు కాఫీ చేతికిస్తూనే "హాయిగా బడికి పంపితే ఈ బాధ ఉండేదా అమ్మాయ్?" అంటారు. ప్రేమగానే అంటారు, కాఫీ కూడా బాగుంటుంది. కానీ ఆ ఒక్క మాటతో నా తలనొప్పి కాస్తా హోమ్‌స్కూలింగ్ మీద ఫిర్యాదుగా నమోదైపోతుంది. ఏరికోరి తెచ్చుకున్నావు కాబట్టి నోరు మూసుకుని పడు అన్నది లోకం తీర్పు.

అందుకే మాలో చాలామంది ఎవరడిగినా బాగున్నామనే చెబుతాం. మా వాట్సాప్ గ్రూపులో పిల్లలు మట్టితో చేసిన అగ్నిపర్వతాల ఫోటోలు వస్తాయి. ఆ వంటసోడా, వెనిగర్ నురగ తుడిచిన గుడ్డ ఫోటో ఎవరూ పెట్టరు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. అడగడానికే మొహమాటపడే అమ్మకి ఎవరు పెడతారు?

సరే, అసలు లెక్కలోకి వద్దాం. విద్యాహక్కు చట్టానికి చివర్లో ఒక షెడ్యూల్ ఉంది. 2009 నాటి చట్టం, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఒకటి నుంచి ఐదో తరగతి దాకా ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 గంటల బోధన ఉండాలని అందులో రాశారు. ఆరు నుంచి ఎనిమిదికి 220 రోజులు, 1000 గంటలు. అది కూడా ప్రాథమిక పాఠశాలలో ముప్ఫై మంది పిల్లలకి ఒక టీచరు చొప్పున. ఆ ముప్ఫై మందిలో హాజరు పిలవడం, వరస కట్టించడం, ఒకడు ఇంకొకడి పెన్సిల్ లాక్కుంటే తీర్పు చెప్పడం అన్నీ ఆ గంటల్లోనే జరుగుతాయి.

ఇంట్లో చదువుకి వేసవి సెలవులని విడిగా ఏమీ ఉండవు. పండగలకీ, జ్వరాలకీ, ఊళ్లకీ పోగా ఏడాదిలో మూడువందల రోజులు మిగిలాయనుకుందాం. 800 గంటలని మూడువందలతో భాగిస్తే రోజుకి రెండు గంటల నలభై నిమిషాలు. పెద్ద తరగతులకి మూడు గంటల ఇరవై నిమిషాలు. ముప్ఫై మందికి సరిపోతుందని ప్రభుత్వం రాసిన సమయం ఇది. ఒక్క పిల్లకి, పక్కనే అమ్మ కూర్చుని చెబుతుంటే ఇంతకంటే తక్కువే పడుతుంది. మా చిన్నోడికి గంటన్నర దాటితే నా మాట చెవికి ఎక్కదు. ఎక్కనప్పుడు ఇంకా చెప్పడం నా తృప్తి కోసమే.

అంటే పొద్దున్న తొమ్మిది నుంచి పన్నెండింటి లోపు పాఠాల పని అయిపోవాలి. మా ఇంట్లో అయిపోతుంది కూడా. మరి మిగతా రోజంతా ఎటుపోతోంది? వంటా వార్పూ అంటారు. నిజమే, కానీ ఆ వంట బడికి పంపే ఇంట్లోనూ ఉంది. నా అనుమానం వేరే దాని మీద.

హోమ్‌స్కూలింగ్ గురించి ఏ మీటింగుకి వెళ్లినా ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: చదువంటే పుస్తకాలే కాదు, జీవితమంతా చదువే. వినడానికి ఎంత బాగుంటుందో! రైతుబజారుకి వెళ్తే లెక్కలు, చపాతీ ముక్కలు చేస్తే భిన్నాలు, రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే భూగోళం, కుక్కర్ విజిల్ వేస్తే భౌతికశాస్త్రం. పిల్లల వైపు నుంచి చూస్తే ఇందులో అబద్ధమేమీ లేదు. తల్లి వైపు నుంచి చూడండి. జీవితమంతా చదువైతే జీవితమంతా టీచరు డ్యూటీయే. వంకాయలు కొనడానికి వెళ్లి వంకాయలు కొనుక్కుని రాలేను. అరకిలో నలభై అయితే ముప్పావుకిలో ఎంత అని అడగాలి, వాడు చెప్పేదాకా వెనక క్యూ ఆగాలి, దుకాణం పెట్టుకున్న పెద్దావిడ విసుగు నేను పడాలి. వాన పడుతుంటే కిటికీ దగ్గర నిలబడి వాన చూడలేను, నీటి చక్రం గుర్తొస్తుంది. బస్సులో పక్క సీటు వాళ్లు చెప్పుకునే మాటలు వినలేను, పిల్లకి బోర్డుల మీద ఒత్తులు చదివించాలి.

నా సొంత సమయాన్ని తినేసింది ఇదీ. గంటలు ఉన్నాయి. ఆ గంటల్లో పిల్లలు ఆడుకుంటూనే ఉంటారు, నేను కూర్చునే ఉంటాను, కానీ టీచరు ఉద్యోగంలోనే ఉంటాను. కన్ను వాళ్ల మీద, బుర్ర "ఇందులోంచి ఏం నేర్పొచ్చు" అన్న దాని మీద. పిల్లలు ఇంట్లో లేనప్పుడు దొరికేదే నా సమయం అనుకుంటే హోమ్‌స్కూలింగ్ చేసేవాళ్లకి అది ఎన్నటికీ దొరకదు. వాళ్లు ఇంట్లోనే ఉన్నా, నేను వాళ్లకి ఏదీ నేర్పనక్కర్లేని సమయం నా సమయం. ఇది వెతికితే దొరికేది కాదు. రోజులో కొన్ని గంటలు ఆ ఉద్యోగానికి రాజీనామా ఇవ్వాలి.

చట్టం షెడ్యూల్లోనే ఇంకో అంశం నాకు భలే నచ్చింది. టీచరు వారానికి కనీసం 45 గంటలు పనిచేయాలట, అందులో పాఠం తయారు చేసుకునే సమయం కూడా కలిసే ఉంటుందట. అంటే రేపటి పాఠం కోసం ముందురోజు చదువుకోవడం పనేనని ప్రభుత్వమే ఒప్పుకుంది. రాత్రి పదిన్నరకి నేను దశాంశాల వర్క్‌షీట్లు ప్రింట్ తీస్తుంటే మా ఇంట్లో దాన్ని పని అని ఎవరూ అనరు. "ఇంకా పడుకోలేదా?" అంటారు.

ఇక మా ఇంట్లో నడిచే పద్ధతి చెబుతాను. మధ్యాహ్నం రెండున్నర నుంచి నాలుగు దాకా నేను పడగ్గదిలో ఉంటాను, తలుపు దగ్గరగా వేసి ఉంటుంది. రక్తం కారితే, ఏదైనా కాలుతున్న వాసన వస్తే, గేటు దగ్గర తెలియని మనిషి ఉంటే తలుపు కొట్టొచ్చు. మిగతా ఏ విషయానికైనా తలుపు పక్కన మేకుకి ఒక నోట్‌బుక్ దారంతో వేలాడుతుంటుంది, అందులో రాయాలి. నాలుగింటికి బయటికొచ్చి చదువుతాను.

ఆ పుస్తకంలో మా చిన్నోడి రాతలు కొన్ని ఇక్కడ దించకుండా ఉండలేకపోతున్నాను. "ఏనుగుకి జలుబు చేస్తే ఎలా చీదుతుంది." "సున్నా సరి సంఖ్యా బేసి సంఖ్యా." "అక్క నా ఎరేజర్ కొరికింది ఇది ప్రశ్న కాదు." "నాకు ఆకలి." దాని కింద, వేరే పెన్సిల్‌తో, "తినేశా." ఆ చివరి రెండు లైన్ల మధ్య వాడు వంటింట్లోకి వెళ్లి, స్టూలెక్కి, మరమరాల డబ్బా దించుకుని, నేల మీద సగం పోసి, మిగతా సగం తిన్నాడు. నేను గదిలో ఉన్నాను కాబట్టి అది జరిగింది. బయట ఉంటే ఆకలి అన్న మాట పూర్తికాకముందే పళ్లెం వచ్చేది. సున్నా సంగతి కూడా నేను చెప్పలేదు. వాడు అక్కని అడిగాడు, అక్క చెప్పింది, వాడు నమ్మలేదు, ఇద్దరూ చింతపిక్కలు జతలు జతలుగా పేర్చి గొడవపడ్డారు. నాలుగింటికి ఆ గొడవ తీర్చమని నా దగ్గరికి వచ్చారు. టీ తాగాక తీరుస్తానన్నాను.

ఈ పద్ధతి గురించి మా గ్రూపులో ఒకావిడ నాతో గట్టిగానే వాదించారు. "పిలిస్తే పలకడానికే కదండీ పిల్లల్ని ఇంట్లో పెట్టుకుంది? తలుపు వేసుకుంటే ఇక బడికీ ఇంటికీ తేడా ఏముంది?" అని. మంచి ప్రశ్నే. నాకు తోచిన జవాబు ఇది. పిలిచినప్పుడల్లా క్షణంలో పలికే అమ్మ దగ్గర పెరిగిన పిల్లకి ప్రశ్న పుట్టగానే జవాబు వస్తుంది. ఆ ప్రశ్నతో ఓ గంట వేగే అవకాశం ఉండదు. బడిలో గంట కొడితే ప్రశ్న ఆగిపోతుంది, ఇంట్లో అమ్మ పలికితే ఆగిపోతుంది. రెండూ నాకు ఒకేలా కనిపిస్తున్నాయి. మేం బడి మాన్పించిందే పిల్లలు తమంతట తాము కుస్తీ పట్టాలని. అలాంటప్పుడు ప్రతి కుస్తీలోనూ రిఫరీగా నేనుండటం దేనికి?

అయితే ఈ వాదనలో నాకే నచ్చని ఒక పార్శ్వం ఉంది. పిల్లలకి మంచిది కాబట్టి అమ్మ తలుపు వేసుకోవచ్చు అన్నాను చూశారూ, అందులో మళ్లీ పిల్లల మేలే కారణం అయింది. అమ్మకి కావాలి కాబట్టి అని చెబితే సరిపోదా? సరిపోవాలి. పిల్లలకి ఏ లాభమూ లేకపోయినా ఆ గంటన్నర నాదే. లాభం ఉంది కాబట్టి చెప్పుకున్నాను, అంతే.

ఆ గంటన్నరలో ఏం చేస్తావని చాలామంది అడుగుతారు. వీణ నేర్చుకుంటున్నాననో, ఆన్‌లైన్ కోర్సు చేస్తున్నాననో చెబితే సంతోషిస్తారు. ఆదివారం పేపరు అనుబంధంలోని గళ్లనుడికట్టు దాచుకుని నింపుతాను. పాత వారపత్రికల్లో సీరియల్ చదువుతాను. కొన్ని రోజులు ఫ్యాన్ చూస్తూ పడుకుంటాను. ఖాళీ సమయానికి కూడా సిలబస్ వేసుకుంటే ఇక బడి మాన్పించినందుకు ప్రయోజనం ఏముంది?

మావారి సంగతి రాకుండా ఈ వ్యాసం పూర్తికాదు. ఆయన సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తారు, వారంలో మూడు రోజులు ఇంటి నుంచే. ఆయన గది తలుపు వేసి ఉంటే మా చిన్నోడు ఆ తలుపు ముందు నుంచి మునివేళ్ల మీద నడుచుకుంటూ వస్తాడు, చెప్పులు చేత్తో పట్టుకుని మరీ. వంటింట్లో నా దగ్గరికి రాగానే చెప్పులు కిందపడేసి, చెవిలో అరుస్తాడు. "నాన్న కాల్‌లో ఉన్నారు" అన్న మాటకి ఇంట్లో ఉన్న గౌరవం అది. ఎవరూ నేర్పలేదు. ఏ తలుపు వెనక జీతం ఉందో ఏడేళ్ల పిల్లాడికి ఎలాగో తెలిసిపోయింది. మా అమ్మాయి ఒకరోజు నా గది బయట తమ్ముణ్ణి ఆపుతూ "అమ్మ కాల్‌లో ఉంది, పో" అంది. నేను లోపల పదమూడు నిలువు దగ్గర ఇరుక్కుని ఉన్నాను. ఆ మాట మా ఇంట్లో అలాగే స్థిరపడిపోయింది.

కేంద్ర గణాంక శాఖ 2024లో టైమ్ యూజ్ సర్వే చేసింది, రోజులో ఎవరు ఏ పనికి ఎన్ని నిమిషాలు పెడుతున్నారని. జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకి సగటున 289 నిమిషాలు పెడుతున్నారు, మగవాళ్లు 88. ఇది ఇంటిపని ముట్టుకున్న మగవాళ్ల సగటు మాత్రమే, ముట్టుకోనివాళ్లు ఈ లెక్కలోకి రారు. 2019 సర్వేలో ఇవే అంకెలు 299, 97. ఆడవాళ్లకి పది నిమిషాలు తగ్గాయని సంబరపడేలోపే మగవాళ్లకీ తొమ్మిది తగ్గాయి. పిల్లల్నీ పెద్దల్నీ చూసుకునే పనికి, పదిహేను నుంచి యాభై తొమ్మిదేళ్ల వాళ్లలో, ఆడవాళ్లు 140 నిమిషాలు, మగవాళ్లు 74. పిల్లలకి చదువు చెప్పడం కూడా ఈ సంరక్షణ లెక్కలోకే వస్తుంది. దేశం సగటే ఇలా ఉంటే, ఒక మనిషి పూర్తిగా ఇంట్లో ఉండి బడి కూడా నడిపే ఇంట్లో ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

మావారు మంచివారు. "ఏదైనా హెల్ప్ కావాలంటే చెప్పు" అంటారు. చెప్పడం కూడా ఒక పనేనని ఆయనకి తెలియడానికి టైమ్ పట్టింది. ఏం చేయాలో చెప్పాలి, ఎలా చేయాలో చెప్పాలి, చేశాక బాగుందనాలి. అంతకంటే నేను ఇంట్లో లేకుండా పోవడం తేలిక. శనివారాలు అలా మొదలయ్యాయి.

శనివారం పొద్దున్న తొమ్మిదింటికి నేను బయటపడతాను. బస్సెక్కి, ఆధార్ చూపించి, జీరో టికెట్ తీసుకుంటాను. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలైంది. ఆ ఉచిత బస్సు గురించి ఎవరెన్ని జోకులేసినా నాకు మాత్రం దాని విలువ తెలుసు. అంతకుముందు ఊరికే బయటికి వెళ్లాలంటే ఆటో డబ్బులకి ఒక కారణం ఉండాలి. గుడికో, డెంటిస్టు దగ్గరికో, బ్లౌజు కుట్టడానికి ఇవ్వడానికో. కారణం లేకుండా వెళ్లే ఆడదానికి టికెట్ డబ్బులు కూడా బరువే. ఇప్పుడు బస్సులో నా పక్కన కూర్చునే ఆడవాళ్లు కొందరు ఎక్కడికి వెళ్తున్నారని అడిగితే "ఊరికే, మా అక్క దగ్గరికి" అంటున్నారు. ఊరికే అన్న మాట బస్సులో ఇంత ఎక్కువగా నేను ఇదివరకు వినలేదు.

సికింద్రాబాద్‌లో మారి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర దిగి చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి నడుస్తాను. ఆ లైబ్రరీ తెలిసినవాళ్లకి చెప్పనక్కర్లేదు. పక్కనే అశోక్‌నగర్, వీధి వీధికీ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు. గ్రూప్ వన్, గ్రూప్ టూ, ఎస్సై, కానిస్టేబుల్, అన్ని పరీక్షల పిల్లలూ ఆ లైబ్రరీలోనే. చెట్ల కింద కూడా కుర్చీలు వేసుకుని చదువుతుంటారు. టిఫిన్ బాక్సులు, నీళ్ల సీసాలు, రంగు పెన్నులతో గీతలు గీసిన పాలిటీ పుస్తకాలు. వాళ్ల మధ్య నేను ఒక నవల పట్టుకుని కూర్చుంటే మొదట్లో సిగ్గనిపించేది. ఒకమ్మాయి మర్యాదగా "ఏ ఎగ్జామ్‌కి ప్రిపేర్ అవుతున్నారు ఆంటీ?" అని కూడా అడిగింది. ఏ ఎగ్జామూ లేదన్నాను. ఆ పిల్ల నా వైపు చూసిన చూపులో కొంచెం జాలి, చాలా అసూయ ఉన్నాయి. ఉద్యోగ నోటిఫికేషన్ల కోసం ఎదురుచూస్తూ ఊరు వదిలి వచ్చిన పిల్లలు వాళ్లు. నాకు ఖాళీ దొరకడం లేదన్న బాధని అక్కడ కూర్చుని ఎక్కువసేపు మోయలేం. ఒకందుకు అదీ మంచిదే.

ఒంటిగంటన్నరకి ఇంటికొచ్చేసరికి సోఫా దిండ్లు కోటగోడ అయి ఉంటాయి. మధ్యాహ్నం భోజనం మ్యాగీ. పొద్దున్న టిఫిన్ కూడా మ్యాగీయేనేమోనని నాకు అనుమానం, సాక్ష్యాలు దొరకనివ్వరు. నేను పట్టించుకోను. ఏం చదివారని అడగను, ఏం నేర్చుకున్నారని అడగను. శనివారం వాళ్లకీ మావారికీ మధ్య సంగతి.

నిజాయితీగా రాయాల్సిన మాట ఇంకోటుంది. నా గంటన్నర వెనక మా ఇంట్లో అంట్లు తోమి, ఇల్లు తుడిచే ఆవిడ ఉంది. ఆవిడకి ఇద్దరు పిల్లలు, ప్రభుత్వ బడికి వెళ్తారు. బడి ఉంది కాబట్టే ఆవిడ నాలుగిళ్లలో పని చేసుకోగలుగుతోంది. ఎండాకాలం సెలవుల్లో పిల్లల్ని ఎక్కడ పెట్టాలో తెలియక ఒక్కోసారి వెంట తెచ్చుకుంటుంది. బడి అనేది అంత చెడ్డదేమీ కాదని, చాలామంది తల్లులకి రోజులో ఊపిరి తీసుకునే చోటు అదేనని ఆవిణ్ణి చూస్తే తెలుస్తుంది. హోమ్‌స్కూలింగ్ గొప్పతనం గురించి మాట్లాడేటప్పుడు మా గ్రూపుల్లో ఈ సంగతి ఎవరూ ఎత్తరు. ఆవిడకి నెలలో నాలుగు సెలవులు, జీతం కోత లేకుండా, ఇవ్వడం నా సొంత సమయం ఖర్చులో భాగమే. నేను నా గంట గురించి ఇంత పెద్ద వ్యాసం రాసి, ఆవిడ గంట గురించి బేరమాడితే అంతకంటే సిగ్గుమాలిన పని ఉండదు.

రెండు, మూడేళ్ల పిల్లలున్న తల్లులకి ఈ తలుపు, నోట్‌బుక్ పద్ధతి పనికిరాదు. ఆ వయసులో రక్తం, మంట, గేటు మూడూ ఒకే పది నిమిషాల్లో జరుగుతాయి. వాళ్లకి ఇంకో పెద్దమనిషి ఉండటం తప్ప వేరే దారి నాకు కనిపించడం లేదు. ఆ పెద్దమనిషి అంటే వెంటనే అమ్మమ్మో నానమ్మో అనేస్తాం. మా అత్తగారు ఒకసారి అన్నారు, "నీకు ఖాళీ కావాలంటే నేనున్నాగా. మరి నాకు కావాలంటే ఎవరున్నారు అమ్మాయ్?" నవ్వుతూనే అన్నారు. డెబ్బై దాటిన ఆవిడకి పొద్దున్న భక్తి చానల్, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం మెట్ల మీద కూర్చుని పక్కింటావిడతో కబుర్లు. అవి ఆవిడ సంపాదించుకున్న గంటలు. వాటిని నేను తీసుకుంటే మళ్లీ ఒక ఆడమనిషి సమయం తీసి ఇంకో ఆడమనిషికి ఇచ్చినట్టే.

కాబట్టి చూపు తిప్పాల్సింది నాన్నల వైపే. మా హోమ్‌స్కూలింగ్ గ్రూపు నెలకోసారి పార్కులో కలుస్తుంది. గ్రూపు పేరులో పేరెంట్స్ అని ఉంటుంది, వచ్చేది అమ్మలు. పిల్లలు ఆడుకుంటుంటే చాప మీద కూర్చుని ఏ పుస్తకాలు వాడుతున్నామో, ఏ ఆన్‌లైన్ క్లాసు బాగుందో మాట్లాడుకుంటాం. సెలవు రోజున కూడా డ్యూటీ కబుర్లే. కిందటి నెల నేనొక ప్రతిపాదన పెట్టాను. నెల విడిచి నెల ఆ మీటింగుకి నాన్నలే రావాలి, అమ్మలు రాకూడదు. చాప, నీళ్ల సీసాలు, పులిహోర డబ్బా, దోమల క్రీము, ఆఖరి నిమిషంలో "నాకు బాత్రూమ్" అన్నీ వాళ్లే చూసుకోవాలి. ఎవరెవరు వస్తున్నారో గ్రూపులో వాళ్లే రాయాలి, భార్యలతో రాయించకూడదు.

కొందరు అమ్మలు వెంటనే సరేనన్నారు. ఒకావిడ "మావారికి పార్కులో పిల్లలతో ఏం చేయాలో తెలియదండీ" అంది. నాకూ పదకొండేళ్ల కిందట తెలియదన్నాను. ముగ్గురు నాన్నలు ఇప్పటిదాకా పేర్లు ఇచ్చారు. అందులో ఒకాయన, ఆ రోజు పిల్లలకి ఏం నేర్పించాలో లిస్టు పంపమని అడిగారు. ఏమీ నేర్పించొద్దని రాశాను.